వరసలో నడిమి చోటు

మా తమ్ముడి చేత తాగుడు మాన్పించాలని ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించి, చివరికి వాణ్ణి సారా కాచే ఊరికి తీసుకొచ్చాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం అదొక గొప్ప ఉపాయమనే అనుకున్నాం.

మాది కొడవలూరు దగ్గర వరి పండించుకునే కుటుంబం. మా ఆయన బడిపంతులు. మా పెళ్లయిన కొత్తలో, యాభైల చివర, ఆయనకు వాకాడు అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లెపాలెంలో ఉద్యోగం పడింది. ఊరంతా చేపలు పట్టేవాళ్లే. బడి పక్కనే మాకొక తాటాకు ఇల్లు ఇచ్చారు. ముందు వైపు ఇసుక వాకిలి, వెనక వైపు చిన్న పెరడు, ఆ పెరటికి ఒక తలుపు. పొలాల మధ్య పెరిగిన నాకు అక్కడ అంతా కొత్త. పైగా నాకు పుట్టుకతోనే ఆరా ఎక్కువ. పక్కింట్లో పోపు వాసన మారితే, ఎందుకు మారిందో తెలిసేదాకా నాకు అన్నం సహించదు.

అవి మద్యనిషేధం రోజులు. చట్టప్రకారం మా జిల్లాలో ఎవరూ తాగడం లేదు. మా తమ్ముడొక్కడే తాగుతున్నట్టు మా నాన్న మాట్లాడేవాడు. నిజానికి వాడు మంచివాడు, పనిమంతుడు. నాట్లప్పుడు వాడు మడిలోకి దిగితే కూలివాళ్లు వాడితో సమానంగా పని చేయలేక తిట్టుకునేవాళ్లు. పొద్దు వాలేసరికి మాత్రం వాడు వాడు కాదు. ఎక్కడికో పోయేవాడు, ఎప్పుడో వచ్చేవాడు, అడిగితే తాగలేదని బిడ్డ మీద ఒట్టు వేసేవాడు. ఆ ఒట్లు వినీ వినీ మా మరదలు బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమెది బిట్రగుంట. వాళ్ల నాన్నకు రైల్వేలో ఉద్యోగం. వెళ్లేముందు మా అమ్మతో ఒకటే మాట అంది.

"మానేసినాడని నాకెవురూ కబురు పెట్టబాకండి. ఆయన అసలే చెప్పగూడదు. ఆరేళ్లుగా వింటానే ఉండా. కొన్నాళ్లు పోయినాక నేనే వచ్చి కళ్లతో చూస్తా. అప్పుడు గూడా ఇట్నే ఉంటే ఇంగ నా బిడ్డ నాది, నా దారి నాది."

ఆమె అన్నదంటే అన్నదే. రైలు కూత వేళలకు లేచి పడుకునే ఇంట్లో పెరిగింది, మాట తప్పడం తెలియదు. అందుకే మాకు కంగారు. ఉన్నచోట ఉంటే పాత స్నేహితులు వదలరని, సముద్రపు గాలి తగిలితే మనసు మారుతుందని, నాలుగు ఇళ్లున్న పాలెంలో సారా ఎవడమ్ముతాడని, ఇన్ని లెక్కలు వేసి వాణ్ణి మా ఇంటికి తెచ్చుకున్నాం.

వచ్చిన మర్నాడు సాయంత్రమే వాడు కళకళలాడుతూ ఇంటికి వచ్చాడు. వాసన వాడికంటే ముందు వచ్చింది. ఇసుక దిబ్బల మీది సరుగుడు తోపుల్లో కుండలు పాతిపెట్టి కాస్తారట. పోలీసులు వచ్చినా ఎక్కడని తవ్వుతారు? కొడవలూరులో సారా కావాలంటే ఊరు దాటాలి. ఇక్కడ ఇల్లు దాటితే చాలు. ఇన్నాళ్లు కాపురమున్న మాకు కనిపించనిది వాడికి ఒక్క పూటలో ఎలా కనిపించిందని మా ఆయన ఆశ్చర్యపోయాడు. నేను నెత్తి కొట్టుకున్నాను.

ఇదంతా ఇలా ఉండగా, నన్ను వేరొక సంగతి అంతకు చాలా ముందు నుంచీ తొలుస్తూ ఉండేది. రోజూ పొద్దు వాలే వేళకు ఒడ్డున పడవల పక్కన కొందరు మగవాళ్లు ఒకే వరసలో కూర్చుని వల బాగుచేసేవాళ్లు. వల బాగుచేయడం ఆ ఊళ్లో వింత కాదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చేసుకుంటారు. వీళ్లు మాత్రం చీకటి పడబోయే ముందే ఎందుకు కూర్చుంటారు? చూపు ఆనని వేళ వల కుట్టేవాడెవడైనా ఉంటాడా? పైగా వేర్వేరు పడవలవాళ్లు. ఎవరి వలో ఒకటి తెచ్చి, దాన్ని పొడుగునా పరిచి, ఒక్కొక్కరు కాలి బొటనవేలికి వల కన్నొకటి తగిలించుకుని కూర్చుంటారు. కూర్చోగానే ఒక చివర నుంచి ఇంకో చివరకు వరసగా ఏదో అంటారు. ఒక్కొక్కరిది ఒక్క ముక్క. ఆ తర్వాత మాటల్లేవు. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు చేట ఒళ్లో పెట్టుకుని నేను బడి వసారాలో కూర్చునేదాన్ని. గాలి ఇటు తిరిగినప్పుడు చెవి రిక్కించేదాన్ని. మొదట్లో బడిపిల్లల్లాగా హాజరు పలుకుతున్నారేమో అనుకున్నాను.

మాకు చేపలు తెచ్చి ఇచ్చే ఆమె ఒకతె ఉండేది. పెద్ద మనిషి, నోరు పెద్దది, గంప దించకముందే నవ్వడం మొదలుపెట్టేది. ఆ వరసలో చివర కూర్చునే ముసలాయన ఆమె మొగుడే. ఒకరోజు ఆమెను పట్టుకుని అడిగేశాను.

"ఏందమ్మా, మీ ఆయనోళ్లు చీకట్లో ఏం కుడతారు?"

"కుట్టేది కాదులే అయివారమ్మా, కూచునేది. ఆ యాళ గడిచిపోవాల. పొద్దున సముద్రం మీద ఉంటారు, ఒచ్చి తిని తొంగుంటారు. పొద్దు వాల్తానే నాలిక పీకతాది. ఆ కాసేపూ కాలికి వల తగిలించుకుంటే లేచిపోయేదానికి ఉండదు గదా."

"మరి వరసగా ఏందో చెప్తారే?"

"నువ్వు రాళ్లు ఏరేది మానేసి ఇనలా?" అని పకపకా నవ్వింది. నా చేట సంగతి ఊరంతటికీ తెలుసన్నమాట. సిగ్గేసింది కానీ, ఆరా ముందు సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? అడుగుతూనే ఉన్నాను. వాళ్లంతా తాగుడులో మునిగి తేలినవాళ్లేనట. కూర్చోగానే ఆ రోజు సంగతి ఎవరిది వాళ్లు చెప్పాలి. తాగకపోతే "ఈపొద్దు తాగలా" అనాలి. తాగితే తాగినానని అనాలి. మానేశానని ఎవరూ అనకూడదు. రేపటి మాట ఎవరూ ఎత్తకూడదు. ఒకడు చెప్పినదాని మీద ఇంకొకడు మాట్లాడకూడదు, తన సంగతి తను చెప్పాలి, అంతే.

ఆ వరసలో ఒకాయన ఎన్నడూ చుక్క ముట్టనివాడు. ఒక గాలివానలో అన్నను పోగొట్టుకుని, ఆ తర్వాత మనుషులతో మాట మానేసి, నీళ్లలోకి నడిచి నడిచి పోతుంటే రెండుసార్లు లాక్కొచ్చారట. ఆయన తన వంతు వచ్చినప్పుడు "ఈపొద్దు ఉండా" అంటాడు. రోజు మొత్తానికి ఆయన మాట్లాడేది ఆ ఒక్కటే. అది విన్న పూట నాకు అన్నం దిగలేదు. మర్నాటి నుంచి రోజూ ఆయన మాట కోసమే చెవి పెట్టుకుని కూర్చునేదాన్ని. గాలి అటు తిరిగి వినిపించకపోతే దిగులేసేది.

మా తమ్ముడి గురించి ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. సరుగుడు తోపు దగ్గర వాడు పడి ఉండటం చూసింది ఆమే. రెండు మూడు రోజులకు ముసలాయన మా వాకిట్లోకి వచ్చాడు. ఎండలో, పట్టపగలు, వాడు మామూలుగా ఉన్న వేళ చూసి వచ్చాడు. ఇక హితబోధ మొదలవుతుందని తమ్ముడు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. ముసలాయన వాడి పాదాల వంక చూశాడు.

"తమ్ముడా, నీ కాలు ఖాళీగా ఉండాదా?"

"ఏం కాలు?"

"బొటనేలు. మావోడొకడు మద్రాసు పొయినాడు. వల పట్టుకునేదానికి ఒక కాలు తగ్గింది."

మా తమ్ముడికి నవ్వాగలేదు. ఇన్నేళ్లలో వాడి దగ్గరకు వచ్చినవాళ్లంతా వాడికి బుద్ధి చెప్పడానికి వచ్చినవాళ్లే. వాడిని ఒకటి అడగడానికి వచ్చినవాడు ఇతనొక్కడే. నవ్వుతూనే లేచి వెంట పోయాడు.

కొత్తగా వచ్చినవాణ్ణి ఎప్పుడూ వరస చివర కూర్చోబెట్టరు. నడిమధ్యన, ఇద్దరు పాతవాళ్ల మధ్య కూర్చోబెడతారు. ఒడ్డు నుంచి పెద్దవల లాగేటప్పుడు కూడా వాళ్లది అదే పద్ధతి. కొత్తవాడు ఇద్దరి మధ్య మోకు పట్టుకుంటే, ముందువాణ్ణి చూసి నేర్చుకుంటాడు, జారితే వెనకవాడు కాస్తాడు. సూది కూడా వెంటనే ఇవ్వరు. చెయ్యి వణికేవాడికి సూది ఇస్తే వాడి వణుకు వాడికే కనిపించి ఇంకా కుంగిపోతాడని అట. మొదట్లో వల కన్ను కాలికి తగిలించుకుని ఊరికే కూర్చోవాలి. ఒళ్లు చెమటలు పట్టి కడుపులో తిప్పుతుంటే పక్కవాడు ఉప్పేసిన గంజి తాగిస్తాడు. ఎవరికి ఎన్నాళ్లు వణుకుతుందో, ఎప్పుడు నిద్ర పట్టదో, ఎప్పుడు ఊరికే ఏడుపొస్తుందో, అంతా వాళ్లు అనుభవించిందే కనుక ముందే చెప్పేస్తారు. "రేపు ఇంగా అద్వాన్నంగా ఉంటాది, అది మామూలే" అని పక్కవాడు చెబితే మా తమ్ముడికి ఎంత ధైర్యం వచ్చేదో నేను కళ్లారా చూశాను.

కానీ మొదటి రోజు వాడు చెప్పింది అబద్ధం. మధ్యాహ్నమే తోపులోకి పోయి వచ్చాడు. వాసన నా దాకా కొట్టింది. అయినా వాడి వంతు రాగానే తొణక్కుండా "ఈపొద్దు తాగలా" అన్నాడు. పక్కవాడు ఆ వెంటనే తన ముక్క చెప్పాడు. ఎవరూ వాడి వైపు తిరిగి కూడా చూడలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. ముసలాయన దారిలో కనిపిస్తే నిలదీశాను.

"మావాడు అబద్ధం చెప్తా ఉండాడు, మీకు తెలీదా?"

"తెలుసమ్మా."

"తెలిసీ గమ్మునుంటే ఎట్టా?"

"నేను గూడా చానా నాళ్లు చెప్పినా. అందరూ నిజం చెప్తా ఉంటే నడిమిన కూచోని అబద్ధం చెప్పేది చానా కష్టమమ్మా. చెప్పీ చెప్పీ ఇసుగొచ్చి ఆ అబద్ధం మానేసినా."

ఆ పద్ధతి ఎవరు పెట్టారని నా తర్వాతి ప్రశ్న. ఆయన ఇసుకలో గొంతుక్కూర్చుని, తొందరేమీ లేనట్టు చెప్పాడు. ఆ పాలెంలో ఊరి పెద్దలు వేసే కట్టుబాటును దురాయి అంటారు. దురాయి పడిందంటే ఆ మనిషితో ఎవరూ మాట్లాడకూడదు, నిప్పు ఇవ్వకూడదు, నీళ్లు ఇవ్వకూడదు. తాగి పడవ తిరగేసినందుకు ఆయన వయసులో ఉండగా ఆయన మీద దురాయి వేశారు. మాట్లాడే మనిషి లేక ఆయన ఇంకా తాగాడు. అప్పుడు ఆయన తోటి పడవవాడొకడు ఒక సాయంత్రం వల తెచ్చుకుని ఈయన గుడిసె ముందు కూర్చున్నాడు. మాట్లాడలేదు. వల కుట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడూ వచ్చాడు. పెద్దలు పిలిచి అడిగితే, "మాట్టాడగూడదని గదా దురాయి. కూచోగూడదని మీరు చెప్పలేదే" అన్నాడట.

"పెద్దోళ్లకు ఏం చెప్పాల్నో తోచలా. అట్టా మొదలైందమ్మా" అని ముసలాయన చిన్నగా నవ్వాడు. కొన్ని రోజులకు ఈయన కూడా ఆ వల రెండో కొస పట్టుకున్నాడు. మొదట కూర్చున్న ఆ మనిషి తర్వాత కాలం చేశాడు. వరస మిగిలింది. ఇంత పెద్ద మంచిపని ఒక చిన్న కొంటెతనంతో మొదలైందా అని నాకు ఎంత సంబరమేసిందో. ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే ఆయన కూడా నా అంతే సంబరపడి, మర్నాడు బడి అయ్యాక తన కాలు కూడా పనికొస్తుందేమోనని అడిగాడు. ముందు తాగుడు అలవాటు చేసుకుని రమ్మని చేపలామె ఆయన్ని ఆటపట్టించింది.

ముసలాయన అన్నట్టే అయింది. ఒక సాయంత్రం మా తమ్ముడి వంతు వచ్చింది. కాలికున్న వల కన్ను సర్దుకుని "పొద్దున తాగినా" అన్నాడు. నా చేతిలో చేట ఆగిపోయింది. వాడి నోట ఆ మాట వినడం అదే మొదలు. పక్కవాడు మామూలుగానే తన ముక్క చెప్పాడు. ఆ తర్వాత తాగినా అన్న రోజులు తగ్గుతూ వచ్చాయి, తాగలా అన్న రోజులు పెరుగుతూ వచ్చాయి. వాడి చేతికి వెదురు సూది ఇచ్చారు. వరినారు కట్టలు కట్టిన చెయ్యి కదా, ముడి త్వరగానే పట్టుబడింది. వానలు వెళ్లి చలి తగ్గేసరికి వాడి ముఖంలో నా చిన్నప్పటి తమ్ముడు కనిపించాడు. ఒట్టు వేయడం పూర్తిగా మానేశాడు. అడిగినా వేసేవాడు కాదు.

అప్పుడే బిట్రగుంట నుంచి తెలిసినవాళ్ల ద్వారా కబురొచ్చింది. వచ్చే శుక్రవారం మరదలు వస్తోంది. చూసి పోవడానికి.

మా ఇంట్లో పండగలా ఉంది. తమ్ముడు బిడ్డ కోసం గవ్వలు ఏరి ఒక డబ్బాలో పోశాడు. పాలెంలో కూడా అదే వారం సందడి. కొత్త పెద్దవల పూర్తయింది. ఎన్నో నెలలుగా ఊరంతా తలా కాస్త అల్లిన వల అది, వరసవాళ్లూ అల్లారు, మా తమ్ముడూ అల్లాడు. దాన్ని నీళ్లలోకి దించేముందు గంగమ్మ తల్లికి సాక పోస్తారు. కుండలో పసుపునీళ్లు, వేపాకు, వాటితో పాటు కల్లో సారానో కలిపి తల్లి ముందు ధారగా పోయడమే సాక. మిగిలినది వల అల్లిన ప్రతివాడి చేతిలో పోస్తారు.

నేను ఆడవాళ్ల వైపు నిలబడి చూస్తున్నాను. వల పొడుగునా మగవాళ్లు వరసగా నిలబడ్డారు. మా తమ్ముడు పొలాల నుంచి వచ్చినవాడు, పరాయి ఊరివాడై ఉండి తమ వలకు చెయ్యేశాడని, మర్యాదగా వాడిని అందరికంటే ముందు నిలబెట్టారు. వాడు సంతోషంతో పొంగిపోతున్నాడు. పూజారి కుండ తీసుకుని మొదట వాడి దగ్గరకే వచ్చాడు. వాడు రెండు చేతులూ దోసిలి పట్టాడు. మా ఇంట్లో తీర్థమిస్తే కాదనడం పాపమని నేర్పారు మాకు. కళ్లకద్దుకుని గుటకేశాడు.

తర్వాతివాడు వరసలోని పాతవాడు. అతను దోసిలి పట్టి, సాక పడగానే చేతులు కిందికి తిప్పేశాడు. అదంతా వల మీద పడింది. దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాతివాడూ అంతే చేశాడు. తాగనివాళ్లు తమ వంతు వలకు ఇచ్చేస్తారు, తల్లికి కోపం రాదు. ఆ ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి కనుక, చెప్పాలని ఎవరికీ తోచలేదు. చూసి నేర్చుకోవడానికి వాడి ముందు ఎవరూ లేరు. మా తమ్ముడు తిరిగి ఆ చేతులు చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

వల నీళ్లలోకి దిగేలోగా వాడు అక్కడ లేడు. మా ఆయనా, ముసలాయనా తోపులన్నీ వెతికారు. మర్నాడు మధ్యాహ్నానికి ఒక దిబ్బ వెనక దొరికాడు, ఒంటి మీద స్పృహ లేదు. తీసుకొచ్చి లోపలి గదిలో పడుకోబెట్టాం. ఆ మర్నాడే శుక్రవారం.

పొద్దున లేచాక వాడు తలుపు గడియ వేసుకున్నాడు. నేను బయట నుంచి పిలిచాను, తిట్టాను, ఏడ్చాను. లోపలి నుంచి ఒకటే మాట. "అది వచ్చేలోగా నేను పోతా అక్కా. నా మొకం అది చూడగూడదు." ఆ గదికి పెరటి వైపు తలుపు ఉంది. వెళ్లాలనుకుంటే ఎవరూ ఆపలేరు. నేను వంట వదిలేసి ముందుకొకసారి, పెరట్లోకి ఒకసారి తిరుగుతూనే ఉన్నాను. మరదలికి ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. జ్వరమని చెబుదాం, రెండు రోజులు నెట్టుకొద్దాం. నాకు అంతకంటే తోచలేదు.

పొద్దు వాలుతుండగా మా వాకిట్లో అడుగుల చప్పుడు వినిపించింది. మరదలేమోనని గబగబా ముందుకొచ్చాను. కాదు, వరసవాళ్లు. ఒడ్డున కూర్చోవలసినవాళ్లు ఆ రోజు వల భుజాలకెత్తుకుని మా వాకిట్లోకి వచ్చారు. బడి గోడ దాకా పరిచి కూర్చున్నారు. నడిమధ్య ఒక మనిషి పట్టే చోటు వదిలారు. ముసలాయన నా దగ్గరకు వచ్చాడు.

"తప్పు మాదేనమ్మా. కొత్తోణ్ణి ముందర నిలబెట్టగూడదని మాకు తెలుసు. మర్యాద చెయ్యబోయి ఆ సంగతి మరిచినాం."

"వాడు తలుపు తియ్యడం లేదు."

"తియ్యకపోతే పోనీలే. మేము కూచునేదానికి ఒచ్చినాం."

ఆయన వెళ్లి చివర కూర్చుని, కాలికి వల తగిలించుకున్నాడు. అప్పుడే దిబ్బ మీద నుంచి ఎద్దుబండి దిగుతూ కనిపించింది. వాకాడులో బస్సు దిగి, బండి మాట్లాడుకుని వచ్చినట్టుంది. మా మరదలు చెప్పులు చేత్తో పట్టుకుని, చంకలో బిడ్డతో ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. బండివాడు ఎద్దుల్ని విప్పకుండానే నిలబడ్డాడు. తిరిగి పోయేటట్టే మాట్లాడుకుని వచ్చిందని నాకు అర్థమైంది.

"ఏంది వదినా ఇది? ఎవురు వీళ్లంతా? ఆయన యాడ?"

జ్వరమని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే ముసలాయన గొంతు వినిపించింది. "ఈపొద్దు తాగలా." ఆయన పక్కవాడు అన్నాడు, "ఈపొద్దు తాగలా." ఆ తర్వాతివాడు అన్నాడు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి నడుచుకుంటూ వచ్చింది. "ఈపొద్దు ఉండా" అన్నాడు అన్నను పోగొట్టుకున్నాయన. తర్వాత ఖాళీ చోటు.

ఖాళీ చోటుకు అవతలివాడు తన ముక్క చెప్పలేదు. తన వంతు ఇంకా రానట్టు, వల చూసుకుంటూ ఆగాడు. ఎవరూ తలుపు వైపు చూడలేదు, ఎవరూ పిలవలేదు. మరదలు ఆ ఖాళీ చోటును చూసింది. నా ముఖం చూసింది. నేను జ్వరం మాట వదిలేశాను. ఎక్కడ పెరటి తలుపు చప్పుడవుతుందోనని చెవి అటే పెట్టాను. ఎంతసేపో తెలియదు. బిడ్డ "నాన్న యాడమ్మా?" అని అడిగింది, మరదలు దాని వీపు మీద చెయ్యి వేసి ఊరుకోబెట్టింది.

గడియ తీసిన చప్పుడైంది. పెరటి వైపు కాదు, ఇటు వైపే. తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. జుట్టు చెదిరి, కళ్లు వాచి, నిలబడటానికి తలుపు పట్టుకున్నాడు. పెళ్లాన్ని చూశాడు, బిడ్డను చూశాడు. చూసి, గిర్రున వెనక్కి పోతాడనుకున్నాను. పోలేదు. వాళ్ల పక్క నుంచే నడిచి వెళ్లి ఆ ఖాళీ చోట్లో కూర్చున్నాడు. వల కన్ను కాలికి తగిలించుకోబోతే చెయ్యి వణికి జారింది. పక్కవాడు తగిలించాడు.

"మొన్న తాగినా" అన్నాడు వాడు. "నిన్న తాగినా. ఈపొద్దు తాగలా."

"ఈపొద్దు తాగలా" అన్నాడు అవతలివాడు వెంటనే. ఆ తర్వాతివాడు అన్నాడు. చివరి మనిషి దాకా వెళ్లి ఆగింది. అందరూ తలలు వంచుకుని వల కుట్టడం మొదలుపెట్టారు.

మరదలు కదల్లేదు. నేను దగ్గరకు వెళ్లి, ఇన్ని నెలలు వాడు ఎలా ఉన్నాడో, మొన్న ఏం జరిగిందో, తప్పు ఎవరిదో అంతా ఒక్క గుక్కలో చెప్పేయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వేం చెప్పబాక వదినా. ఆయనే చెప్పినాడు గదా."

కళ్లు తుడుచుకోకుండానే బండి దగ్గరకు నడిచింది. వెళ్లిపోతోందనుకున్నాను. ఆమె బండిలో నుంచి గుడ్డల సంచి తీసి భుజానికి తగిలించుకుంది.

"నువ్వు పోయిరా అన్నా" అంది బండివాడితో. "నేను ఉంటా."